నల్ల పొగ

3 మార్చి 2008, సోమవారం

మా మామ జైరాంది మళ్లీ అదే పాట. మా మెకానిక్ షెడ్డును ఎదురుగా షెడ్డున్న ఆదినారాయణకు కిరాయికి ఇచ్చేస్తాడట. కొడుక్కు మణుగూరు గనిలో నౌకరీ దొరికింది, ఆదివారం తప్ప ఇంట్లో ఉండడు, ఇంక షెడ్డు ఎవలు నడుపుతరు అని అడిగాడు. నేను నడుపుతానన్నాను. మామ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆడది రోడ్డు మీద బండి కింద పండుకుంటే తండా పరువు ఏంగావాలె అన్నాడు. ఆరేళ్ల నుంచి పడుకుంటూనే ఉన్నాను కదా, అప్పుడు పోని పరువు ఇప్పుడెట్లా పోతుందన్నాను. అప్పుడు నీ మొగడు పక్కన ఉండె అన్నాడు.

అవును, ఉండేవాడు. బల్ల మీద కూర్చుని బీడీ కాలుస్తూ.

కోపంగా ఉంది. ఈ రాత కూడా వంకరగా వస్తోంది. రిపేరు మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటర్ చదివిన దాన్ని, చదివి చెప్పేది నేను. విప్పేది నేను, బిగించేది నేను. బండి స్టార్ట్ అయ్యాక బానెట్ మీద చెయ్యేసి, తీస్కపో అన్నా అనేది నా మొగుడు శ్రీనివాస్. బూర్గంపాడు రోడ్డు మీద శ్రీనివాస్ షెడ్డంటే పేరు. నా పేరు బోర్డు మీద లేదు, ఎవరి నోట్లోనూ లేదు.

6 మార్చి, గురువారం

చిన్నక్క వచ్చింది. చింతలగుంపు మహిళా సంఘం అధ్యక్షురాలు. సంఘం వాళ్లు పోయినేడు ఒక సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నారు. టర్బో ఇంజిన్, నాలుగేళ్ల బండి. దాన్ని నడిపేది పోతయ్య. కొన్నదే గుట్ట మీది వాళ్ల ఊరికి రేషన్ బియ్యం ఎక్కించడానికి, చింతపండు దించడానికి. ఖాళీగా ఎక్కుతుంది. లోడుతో అయితే మూడో మలుపు దగ్గర రేడియేటర్ మరిగి ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆడవాళ్లు బియ్యం నెత్తిన పెట్టుకుని పోతున్నారు. వానలు పడితే అదీ కుదరదు, దారి జారుతుంది.

బండి సెంటర్‌లోకి వచ్చేటప్పుడే తెలిసింది. సైలెన్సర్ నుంచి తారు పొయ్యి పెట్టినట్టు నల్ల పొగ. హోటల్ దగ్గర కూర్చున్న వాళ్లు లేచి మరీ చూశారు. ఎదురు షెడ్డు ఆదినారాయణ, అబ్బో ఏం పవరే అన్నాడు. ఇక్కడ డ్రైవర్లందరికీ అదే పిచ్చి. ఎంత నల్లగా వస్తే అంత బలమట. ఆ బండి గుట్ట ఎక్కుతుంటే సెంటర్ నుంచి కనిపిస్తుంది కూడా. చెట్ల మధ్య బండి కనపడదు, పొగే కనపడుతుంది. పొగ పైకి పోతుంటే బండి పోతున్నట్టు, పొగ ఆగితే బండి ఆగినట్టు.

చిన్నక్క శ్రీనివాస్ కోసం అడిగింది. లేడు, నేను చేస్తానన్నాను. ఆమె నా చేతులు చూసింది. గోళ్లలో నల్లగా ఉంది. చెయ్యి బిడ్డా అంది. అంతే.

మామ అక్కడే ఉన్నాడు. పది మంది ముందు అన్నాడు: నా కొడుకుతోని కాలే, ఆదినారాయణతోని కాలే. ఇరవై బస్తాలతోటి ఈ బండి గుట్ట ఎక్కిస్తే షెడ్డు నీది. ఎక్కకుంటే తాళం చెవి ఆదినారాయణకు. ఇగ మల్ల నోరు లెవ్వద్దు.

సరే అన్నాను. ఆదినారాయణ, జర జాగ్రత్త చెల్లెమ్మా అన్నాడు. నేను వాడికి చెల్లెలినెప్పుడయ్యానో!

9 మార్చి, ఆదివారం

డీజిల్ పంపు విప్పాను. డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా కంపెనీ సీసంతో సీలు వేస్తుంది. సీలు లేదు. స్క్రూ రెండు చుట్లు లోపలికి తిప్పి ఉంది. కదలకుండా సన్నటి రాగి తీగ చుట్టారు.

ఆ తీగ చూడగానే చేతులు ఆగిపోయాయి. పాత డైనమో వైండింగ్ తీగ. ఎడమకు మెలి తిప్పి ఉంది. శ్రీనివాస్‌ది ఎడమ చెయ్యి. మా ఇంట్లో దండెం కట్టినా, దోమతెర కట్టినా అదే మెలిక.

మధ్యాహ్నం అన్నం పెట్టి అడిగాను. ముందు నాకేం ఎరుక అన్నాడు. తీగ కంచం పక్కన పెట్టాను. పోయిన వానాకాలం పోతయ్య పవర్ కావాలన్నడు, తిప్పిన అన్నాడు. నేను పుట్టింటికి పోయిన వారంలో. గాలి పెంచకుండా డీజిల్ పెంచితే అదెక్కడ కాలుతుంది, పొగై పోతుంది, ఇంజిన్ ఉడికిపోతుంది అన్నాను. అందరు గట్లనే చేస్తరు అన్నాడు. ఆడవాళ్లు బియ్యం మోస్తున్నారని నీకు తెలుసా అన్నాను. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తీగ పారేయలేదు. ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ చొక్కా కూడా ఆయనదే.

12 మార్చి, బుధవారం

పంపు, డీజిల్ చిమ్మే నాజిల్స్ గోనెసంచిలో చుట్టుకుని బస్సులో ఖమ్మం పోయాను. డీజిల్ పంపులు బాగుచేసే వెంకటనారాయణ గారు మెకానిక్ ఏడమ్మా అన్నారు. నేనే అన్నాను. కాదమ్మా, మెకానిక్ అన్నారు మళ్లీ. నేనే అన్నాను మళ్లీ.

తర్వాత ఆయన బాగానే మాట్లాడారు. టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూపించారు. డీజిల్ పోయాల్సిన దానికన్నా బాగా ఎక్కువ పోస్తోంది. నాజిల్స్‌లో రెండు కారుతున్నాయి, మార్చారు. కంపెనీ లెక్కకు దించమంటవా అని అడిగారు. కాదు, దాని కన్నా కొంచెం పైన ఉంచండి, గాలి సంగతి నేను చూసుకుంటానన్నాను. కళ్లజోడు తీసి చూశారు. ఏం చదివినవ్ అన్నారు. మాన్యువల్ అన్నాను.

వచ్చేటప్పుడు పాత సామాన్ల దుకాణంలో ఒక వ్యాన్ ఇంటర్‌కూలర్ దొరికింది. టర్బో నుంచి వేడిగా వచ్చే గాలిని చల్లార్చి ఇంజిన్‌లోకి పంపే జాలీ అది. ఈ పికప్‌కు రాలేదు. నేను పెడతాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కామె కూలరా అంది. అవునన్నాను.

15 మార్చి, శనివారం

రేడియేటర్ ముందు జాగా చాలలేదు. గ్రిల్ వెనక పట్టీలు కోసి, మంచం కోళ్ల ఇనుముతో బ్రాకెట్లు చేశాను. గాలి తీసుకునే గొట్టాన్ని బానెట్ పక్క నుంచి పైకి లేపాను, కింద నుంచైతే అడవి దారిలో ఎర్ర దుమ్మంతా మింగుతోంది. ఎయిర్ ఫిల్టర్ దులిపితే దోసెడు మట్టి. గాలి ప్రెషర్ చూడటానికి టైర్లకు గాలి కొట్టే మెషీన్ గేజి విప్పి డ్యాష్‌బోర్డ్ మీద బిగించాను. గాలి ఇంకా గట్టిగా పోయేట్టు టర్బో రాడ్ రెండు మరలు బిగించాను. మూడోది తిప్పబోయి ఆగాను. ఆశకు పోతే టర్బో పోతుంది.

అత్త ద్వాలి అన్నంలో డీజిల్ వాసన వస్తోందంది. నిజమే. నేనూ తిన్నాను.

18 మార్చి, మంగళవారం

ఇంటర్‌కూలర్‌కు గాలి తెచ్చే హోస్ ఊడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఊడింది. ఏడ్చాను. మళ్లీ పెట్టాను.

20 మార్చి, గురువారం

మళ్లీ స్టార్ట్ చేశాను, హోస్ ఊడలేదు. మెత్తగా పలికింది. రేస్ ఇస్తే గేజి ముల్లు పన్నెండు దాటింది. సైలెన్సర్ దగ్గర తెల్ల గుడ్డ పట్టాను, బూడిద రంగు మరక అంతే.

సెంటర్ మొత్తం ఉసూరుమంది. ఆదినారాయణ, ఇంజిన్ పానం తీసేసినవ్ కదనే అన్నాడు. పోతయ్య ముఖం కూడా మాడిపోయింది. అక్కా, పొగ లేదు, సప్పుడు లేదు, ఇది బండేనా అన్నాడు. మామ తాళం చెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతున్నాడు.

చిన్నక్క ఒక్కతే నిదానంగా చూసింది. పచ్చి కట్టె పొయ్యిల పెడితే పొగనే, అన్నం ఉడకదు, గంతేనా అంది. గంతే చిన్నక్కా అన్నాను. మాన్యువల్లో నాలుగు పేజీలుంది ఈ సంగతి.

22 మార్చి, శనివారం

హోలీ. తండాలో పాటలు, ఆటలు. శ్రీనివాస్ రాత్రే వచ్చాడు. కూర్చోబెట్టి చెప్పాను. రేపు గుట్ట మీద పొగ కనపడదు, కనపడకపోతేనే బండి బాగున్నట్టు. మామకు నువ్వు చెప్పాలి, నేను బండిలో ఉంటాను. సరే అన్నాడు. బీడీ ముట్టించి, తీగ సంగతి ఎవలకన్న చెప్పినవా అన్నాడు. చెప్పలేదన్నాను.

23 మార్చి, ఆదివారం

ఇరవై బస్తాలు. నేనే లెక్కపెట్టాను, మామ కూడా లెక్కపెట్టాడు. టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పోతయ్య స్టీరింగ్, పక్కన నేను, వెనక బస్తాల మీద చిన్నక్క.

మొదటి మలుపు సెకండ్ గేర్‌లో పోయింది. పోతయ్య నా వైపు చూశాడు. రోడ్డు చూడమన్నాను.

రెండో మలుపులో టప్‌మని చప్పుడు. గేజి ముల్లు సున్నాకు పడింది, బండి నీరసపడింది, వెనక ఒక్కసారిగా నల్ల పొగ. హోస్ క్లిప్పు విరిగింది. పోతయ్య దేవుళ్లను తలుచుకుంటున్నాడు. టైర్ల కింద రాళ్లు పెట్టించి దిగాను. హోస్ ఎక్కించి, పాత ట్యూబు ముక్క చుట్టాను. కట్టడానికి ఏమీ లేదు. జేబులో చెయ్యి పెడితే రాగి తీగ తగిలింది. నాలుగు వరసలు చుట్టాను. నేను కుడికే మెలి తిప్పాను.

మళ్లీ కదిలాం. మూడో మలుపు. ముల్లు పన్నెండు, టెంపరేచర్ సగంలో. నేను ఊపిరి తీసుకోలేదు. పోతయ్య కూడా తీసుకోలేదనుకుంటా. ఎప్పుడూ బండి ఆగే చోట గుమ్మడికాయంత బండరాయి ఉంది, అది నా కిటికీ పక్క నుంచి వెనక్కి పోయింది. చిన్నక్క పైనుంచి రేకు మీద దబదబా బాదింది. ఎక్కేశాం. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి బస్తాలు దించారు. ఒక ముసలామె బానెట్ నిమిరింది. నాకు ఇప్పసారా ఇచ్చారు. తాగాను. ఏం, తాగకూడదా?

చింతపండు ఎత్తుకుని నాలుగింటికి దిగాం. షెడ్డుకు కొత్త తాళం.

రెండో మలుపు దగ్గర ఒక్కసారి పొగ వచ్చిందట. తర్వాత రాలేదట. ఇంకేముంది, ఆగిపోయిందన్నారట. గంట చూసి, నా దగ్గర ఇంకో చెవి ఉందని మామ పాత తాళం తీసేసి కొత్తది వేసి, చెవి ఆదినారాయణ చేతిలో పెట్టాడట.

చిన్నక్క చెప్పింది, పోతయ్య చెప్పాడు, చింతపండు బస్తాలు కళ్ల ముందున్నాయి. మామ తల వంచుకుని, చెవి ఇచ్చినంక మల్ల ఎట్లడుగుత, ఇచ్చిన మాట ఉంటది గద అన్నాడు. ముందు నాకిచ్చిన మాటో? అన్నాను. సెంటర్ మొత్తం వినేట్టే అన్నాను.

శ్రీనివాస్ అక్కడే ఉన్నాడట. పొద్దున్నించి గుట్ట వైపే చూస్తూ ఉన్నాడట. పొగ లేకపోవడం అంటే ఏంటో కింద ఉన్న వాళ్లలో ఆయనొక్కడికే తెలుసు. నోరు తెరవలేదు. తెరిస్తే తన తీగ బయటపడుతుందని. గుట్ట మీద ఆ తీగే నన్ను కాపాడింది, ఆయన కాపాడలేదు. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను. అన్నం పెట్టలేదు. నేనూ తినలేదు.

24 మార్చి, సోమవారం

పొద్దున ఆరింటికి హాక్సా బ్లేడు తీసుకుని షెడ్డుకు పోయాను. శ్రీనివాస్ డ్యూటీ బస్సు ఎక్కకుండా నా వెనకే వచ్చాడు. తాళం ఊగుతోంది, పట్టుకోమన్నాను. ఎడమ చేత్తో పట్టుకున్నాడు. మామ వచ్చాడు, ఏందిరా ఇది అన్నాడు. హోటల్ వాళ్లు లేచారు, ఆదినారాయణ వచ్చాడు. శ్రీనివాస్ తాళం వదల్లేదు. పంపు ఖరాబ్ చేసింది నేనే నాయినా, మంచిగ చేసింది ఆమె అన్నాడు, అందరికీ వినపడేట్టు.

ఇంకా సగం తెగాలి, కదలకుండా పట్టుకోమన్నాను.

తాళం చెవి ఆదినారాయణ దగ్గరే ఉంది. ఉండనీ.