మంచు చెక్కలకు పసుపు

దుబాయ్,
24 అక్టోబరు 1980.

చెల్లి రాజ్యానికి,

నువ్వెలా ఉన్నావు? మరిదిగారి కాళ్ళవాపు తగ్గిందా? అమ్మాయి కాంతానికి నెలలు నిండుతున్నాయి, బావి దగ్గరకు పంపకు. నా ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు.

నేను పనిచేసే ఇంటి జర్మనీ అమ్మగారు కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచుమీద పందేలు పరుగెత్తేది. పెళ్ళయి ఇక్కడికొచ్చినా ఏటా చలికాలం వాళ్ళ దేశం వెళ్ళి పరుగెత్తి వచ్చేది. దసరానాడు ఆ చెక్కలు బయట కనబడితే, పందేనికి బయలుదేరుతోంది కాబోలని పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాను.

ఎందుకని అడిగింది.

"పనిముట్టుకు పూజ చేస్తే ఏడాదంతా పని సాగుతుందమ్మా" అన్నాను.

నేలమీద కూలబడి ఏడ్చింది. "మోకాలు ఖలాస్, ఆయా. డాక్టరు ఇంక పరుగెత్తద్దన్నాడు. ఎవరికైనా ఇచ్చేద్దామని తీశాను" అంది, వచ్చీరాని హిందీలో.

పసుపు తుడవబోతే తుడవనివ్వలేదు. పోయిన ఆశను గుర్తుచేశానేమోనని నాకు ఒకటే బెంగ. అయ్యగారు నెలంతా ఎడారిలో పనిమీద ఉంటారు. నేను పక్కన కూర్చుంటేనే నాలుగు మెతుకులు తింటోంది.

కాంతం పురిటికి వస్తానని మాటిచ్చాను. కోపగించుకోకు, ఈవిణ్ణి ఒంటరిగా వదిలి రావడానికి కాళ్ళు రావడం లేదు. వాళ్ళమ్మ డిసెంబరు మూడున వస్తుందట. ఆవిడకు అప్పగించి, బిడ్డను చూడడానికి నేను అయిదో తారీఖున బయలుదేరతాను.