టిక్కెట్ కిటికీ దగ్గర ఆఖరి సీజన్

జనవరి 14, 2003, మంగళవారం

శనివారం ఆటకు 1,140 మంది వచ్చారు. అరీనాలో కుర్చీలు 3,400. అంకె కాగితం మీద రాసి రస్సెల్ బల్ల మీద పెట్టాను. అతను దానివైపు చూడలేదు.

"తలుపు వేసి కూర్చో, ఐరీన్" అన్నాడు.

రస్సెల్ పెంగెలీ, నేను ఒకే క్లాసులో చదువుకున్నాం. అతను ఈ ఐస్ హాకీ జట్టును కొని తొమ్మిదేళ్లయింది. ఫర్నిచర్ కొట్టు నడుపుకునేవాడికి హాకీ ఎందుకని అప్పట్లో మా ఊరు పోర్ట్ ఆల్డెన్ అంతా నవ్వింది. గనులు మూతపడ్డాక ఊళ్లో మిగిలింది ఇదొక్కటే, ఇదీ పోతే ఇక ఊరు దేనికని అతను ఎదురడిగేవాడు. ఈ తొమ్మిదేళ్లలో తలుపు వేసి కూర్చోమన్నది మాత్రం ఇదే మొదటిసారి.

వచ్చే సీజనుకు రెండు వేల మంది చేత ముందే డిపాజిట్ కట్టించాలట. మనిషికి యాభై డాలర్లు. మార్చి 15 గడువు. ఆ లిస్టు చూపిస్తే లీగ్ వాళ్లు జట్టును ఇక్కడే ఉంచుతారు. లేకపోతే ఇంకో ఊరికి పోతుంది.

"నువ్వడిగితే ఈ ఊళ్లో ఎవడూ కాదనడు" అన్నాడు.

ఆ మాటకు పొంగిపోయాను. ఎవరూ చదవని పుస్తకం కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

జనవరి 18, శనివారం

మొదటి డిపాజిట్ వీనో హక్కారైనెన్‌ది. ఎనభై ఒక్క ఏళ్లు. సి సెక్షన్, నాలుగో వరుస. ఆట సాగినంతసేపూ ఊలు అల్లుతూనే ఉంటుంది. తల ఎత్తకుండానే రిఫరీ తప్పు పట్టుకుంటుంది. కిందటి వారం నిలబడి అరిచింది: "ఒరేయ్, కళ్లజోడు నేను కొనిపెడతా, కొట్టు పేరు చెప్పు!" రిఫరీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇవాళ కవరు నా టిక్కెట్ కిటికీలోంచి లోపలికి తోసి, చెయ్యి మాత్రం దాని మీదనుంచి తియ్యలేదు.

"వీళ్లు ఉంటారా? నిజం చెప్పు."

"ఉంటారు, మిసెస్ హక్కారైనెన్" అన్నాను. ఆలోచించకుండా, వెంటనే.

చెయ్యి తీసింది.

జనవరి 30, గురువారం

డిపాజిట్లు 407.

ఫిబ్రవరి 11, మంగళవారం

1,212! రెండు చర్చిలు, ఆసుపత్రి క్యాంటీన్, మంగలి షాపు, అన్నీ తిరిగాను. ఆదివారం ఆడవాళ్ల సౌనాలో, ఆ ఆవిరి స్నానాల గదిలో కూర్చుని కూడా అడిగాను. "బట్టల్లేని చోట కూడా వదలవా తల్లీ, పర్సు ఎక్కణ్ణుంచి తియ్యమంటావు!" అని పక్కన కూర్చున్న లైలా ఒకటే నవ్వు. బయటికొచ్చాక ఇచ్చింది.

కెప్టెన్ లూక్ డెస్‌రోషే పద్నాలుగు పేర్లు తెచ్చాడు. ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ నుంచి వచ్చి ఇక్కడే ఏడేళ్లు ఆడాడు. జట్టిచ్చే జీతం చాలక, ప్రాక్టీసు లేని రోజుల్లో ఇళ్ల పైకప్పుల మీద మంచు ఎత్తిపోస్తాడు. ముప్పై మూడేళ్ల మనిషి, రెండు మోకాళ్లకూ ఆపరేషన్లయ్యాయి. "పైకప్పు మీదనుంచే అడుగుతాను, మదామ్. కాదన్నవాళ్ల మంచు సగమే తీస్తానని చెబుతాను" అన్నాడు. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

రాత్రి భోజనం దగ్గర రేతో చెప్పాను. నా మొగుడు గనిలో ఎలక్ట్రీషియన్‌గా ఇరవై రెండేళ్లు చేశాడు. మాట పొదుపు. బంగాళాదుంప చిదుముకుంటూ, గని మూసే ముందు కూడా మా చేత ఏదో కాగితం మీద సంతకాలు పెట్టించారు అన్నాడు. అది వేరు, రస్సెల్ మనవాడు అన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం. సాయంత్రం 4.

రస్సెల్ బ్యాంకుకు వెళ్లాడు. అతని ఫోన్ మోగితే నేను తీశాను. ట్రక్కుల కంపెనీ. గొంతు చాలా మర్యాదగా ఉంది. మార్చి 24 సోమవారం రెండు ట్రక్కులు వస్తాయట, వెనక గేటు ఎత్తెంతో చెప్పాలట. స్కేట్లు పదునుపెట్టే యంత్రాలు, జెర్సీలు, లాకర్లు, మొత్తం జట్టు సామాను. దక్షిణాన పేరున్న ఒక పెద్ద ఊరికి. అక్కడ మంచన్నది పడదు.

ఎప్పుడు బుక్ చేశారని అడిగాను.

డిసెంబరులో అంది ఆ అమ్మాయి.

గేటు ఎత్తు చెప్పాను. పన్నెండడుగులు. ఎందుకు చెప్పానో తెలియదు. అడిగింది, చెప్పాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

తలుపు నేనే వేశాను. కూర్చోలేదు.

రస్సెల్ బుకాయించలేదు. అది చేసినా బాగుండేది, అరిచేదాన్ని. డిసెంబరు మొదటి వారంలోనే అమ్మేశాడట. కొన్నవాళ్ల డబ్బు సీజన్ అయ్యాకే చేతికి వస్తుంది. ఈలోగా ఆటగాళ్ల జీతాలు, బస్సు, అరీనా అద్దె. బ్యాంకు ఇక ఇవ్వనంది. ఇల్లు ఎప్పుడో తాకట్టులో ఉంది. సీజన్ మధ్యలో ఆగితే అమ్మకం రద్దు, ఆటగాళ్లు ఉత్త చేతులతో ఇళ్లకు.

"అందుకని వీనో యాభై డాలర్లు తీసుకున్నావా?" అన్నాను.

"నేను తినలేదు, ఐరీన్. డీజిలు కొట్టించాను. జీతాలిచ్చాను. లూక్ పెళ్లాం నెలలు నిండి ఉంది, దాన్ని ఇప్పుడు వీధిలో పెట్టమంటావా? మార్చి 15 దాకా నోరు మూసుకో. అమ్మిన డబ్బు రాగానే అందరికీ తిరిగిచ్చేస్తాను."

"అందరికీ సరిపోతుందా?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "చాలామందికి" అన్నాడు.

అతన్ని దొంగ అనుకుంటే నాకు తేలిగ్గా ఉండేది. చొక్కా కాలర్ చిరిగితే తిప్పి కుట్టించుకున్నాడు. అది కళ్లముందు కనిపిస్తూ ఉంటే ఎలా అనుకోను?

ఫిబ్రవరి 25, మంగళవారం

నాలుగు రోజుల్లో ఇంకో 31 డిపాజిట్లు తీసుకున్నాను. నవ్వుతూ తీసుకున్నాను. బ్యాంకులో మాత్రం వెయ్యలేదు. డ్రాయరులో పెట్టి తాళం వేశాను. అటూ ఇటూ కాని పని.

ఫిబ్రవరి 27, గురువారం

లూక్ పేర్లు తెచ్చాడు. ఇంకో రెండు. కాగితం అందుకోలేకపోయాను. అంతా చెప్పేశాను.

గ్లవ్స్ తీస్తూ తొడుక్కుంటూ కూర్చున్నాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న తన జీతం గురించి కాదు. "ఆ పద్నాలుగు మందినీ అడిగింది నేను, కదా?" అన్నాడు.

మాట బయటికొస్తే మీకు జీతాలుండవు, బిడ్డ పుట్టే సమయం, నువ్వు చెప్పినట్టే చేస్తాను అన్నాను. భారం అతని మీదకు నెట్టేశానని ఆ మాట నోట్లోంచి వచ్చాకే తెలిసింది. అతనికీ తెలిసింది.

"అలా కాదు, మదామ్. నా సంగతి నేను చూసుకుంటాను, పైకప్పులు చాలానే ఉన్నాయి. కుర్రాళ్ల తరఫున నేను మాటివ్వలేను, వాళ్లనే అడుగుతాను. కిటికీ మాత్రం మీది, అక్కడ ఏం చెప్పాలో మీరే తేల్చుకోండి."

సాయంత్రం డ్రెస్సింగ్ రూములో మాట్లాడాడు. పద్దెనిమిది మందిలో ఆరుగురు సామాను సర్దుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. ఇద్దరు నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపి వెళ్లారు.

మార్చి 1, శనివారం

ముందు రస్సెల్‌కు ఫోన్ చేసి చెప్పాను. పది గంటలకు కిటికీ తెరుస్తున్నాను, నిజం చెబుతున్నాను అని. ఫోన్ పెట్టేశాడు.

అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: జట్టును అమ్మేశారు. డిపాజిట్లు తీసుకోవడం లేదు. ఆఖరి 31 మంది డబ్బు వాపసు తీసుకోండి. మిగతావారికి ఇవ్వడానికి నా దగ్గర లేదు.

పదకొండుకల్లా వరస గేటు దాటి పార్కింగ్ దాకా పోయింది. లైలా తిట్టింది. మంగలి ఏడ్చాడు. నేను తిరిగిన చర్చి పాస్టరు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

వీనో వచ్చింది. అట్ట అంతా చదివింది.

"ఆ రోజు నేను రస్సెల్‌ను అడగలేదు. నిన్నడిగాను" అంది.

"అప్పుడు నాకు తెలియదు, మిసెస్ హక్కారైనెన్."

"తెలియదని చెప్పాల్సింది. ఉంటారన్నావు."

అది నిజం.

పన్నెండవుతుండగా పక్క తలుపు తెరుచుకుంది. రస్సెల్. కోటు విప్పి, కుర్చీ లాక్కుని, నా పక్కన కిటికీ ముందు కూర్చున్నాడు. "అడగాల్సింది నన్ను" అని బయటివాళ్లతో అన్నాడు. నాలుగు గంటలసేపు అన్నీ పడ్డాడు. ఒకడు కాఫీ మొహాన పోశాడు. తుడుచుకుని "తర్వాత?" అన్నాడు. మధ్యలో ఒక్కసారి నావైపు తిరిగి, ఇది జనవరిలోనే చెయ్యాల్సింది అన్నాడు. చాలా మెల్లగా.

మార్చి 4, మంగళవారం

లూక్‌కు ఆడపిల్ల. 

మార్చి 22, శనివారం

ఆఖరి ఆట. కొన్నవాళ్లు బేరం రద్దు చెయ్యలేదు. జట్టు పేరు, లీగులో చోటు ఉంటే చాలట, ఆటగాళ్లతో వాళ్లకు పని లేదట. పన్నెండు మందే మూడు వారాలు జీతం లేకుండా ఆడారు. ఊరు అన్నం పెట్టింది. రోజూ ఎవరో ఒకరు మాంసం, దుంపలు కూరి కాల్చిన వేడి వేడి పాస్టీలు బుట్టల్లో పంపారు. ఏడు ఆటల్లో ఆరు ఓడారు.

ఇవాళ 3,400 టిక్కెట్లూ అమ్ముడయ్యాయి. నేనీ కిటికీలో కూర్చున్న పదకొండేళ్లలో మొదటిసారి దానికి "హౌస్‌ఫుల్" బోర్డు పెట్టాను. బోర్డు మీద దుమ్ము తుడవాల్సి వచ్చింది. ఇంకా రెండు వందల మంది బయటే నిలబడ్డారు.

రస్సెల్ నా వెనక నిలబడి వాళ్లను చూశాడు. "వీళ్లలో సగం మంది, నెలకొక్కసారి వచ్చినా..." అని ఆగిపోయాడు. కోపం లేదు ఆ గొంతులో. లెక్క తెలియక కాదు, ఇప్పటికీ నమ్మలేక. నాకూ అనిపించింది. పోయేటప్పుడు చూడ్డానికి వచ్చినంతమంది, ఉన్నప్పుడు చూడ్డానికి రారు. కానీ ఎవర్ని అనాలి? గని మూశాక నెలకు నాలుగుసార్లు టిక్కెట్ కొనగలిగేవాళ్లు ఊళ్లో ఎంతమంది?

5-2. ఓడాం. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. లూక్ ఐస్ మీద ఒక చుట్టు తిరిగి, హెల్మెట్ తీసి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ పెట్టుకున్నాడు.

సి సెక్షన్ నాలుగో వరుసలో వీనో కుర్చీ ఖాళీ.

మార్చి 24, సోమవారం

ట్రక్కులు వచ్చాయి. పన్నెండడుగుల గేటులో సరిగ్గా పట్టాయి.

ఏప్రిల్ 17, గురువారం

రస్సెల్ ఫర్నిచర్ కొట్టు కూడా అమ్మేశాడు. మనిషికి ముప్పై నాలుగు డాలర్లు తిరిగివచ్చాయి. చెక్కులు నేనే రాసి, నేనే పోస్టు చేశాను. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి తీసుకుని, నా సొంత డబ్బు పదహారు కలిపి, వీనో ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది. కవరు ఇచ్చాను. చెక్కును, నోట్లను వేరు వేరుగా చూసింది.

"ఈ పదహారు ఎవరివి?"

"నావి."

"అందరికీ ఇస్తున్నావా?"

"లేదు. మీకు మాత్రమే. నిజం చెప్పమని నన్నడిగింది మీరే కాబట్టి."

కాసేపు గుమ్మంలోనే నిలబెట్టింది. పదహారు డాలర్లు తిరిగిచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. ఏప్రన్ జేబులో పెట్టుకుంది. అదే నాకు నచ్చింది.

"కాఫీ తాగుతావా అని అడగను, పోసేశాను. బూట్లు విప్పి రా" అంది.

రెండు కప్పులు తాగాం. హాకీ మాటే రాలేదు. ఆమె మోకాళ్ల నొప్పుల గురించి, మా రే గురించి మాట్లాడుకున్నాం. క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. వచ్చేటప్పుడు, "గురువారాలు నాకు ఖాళీయే" అంది.

అక్టోబర్ 11, శనివారం

అరీనా ఇప్పుడు మున్సిపాలిటీది. నన్ను గంటల లెక్కన పెట్టుకున్నారు. ఇవాళ లోపల కుక్కల ప్రదర్శన. 312 టిక్కెట్లు.

చేతిలో చిన్న తెల్ల కుక్కతో ఒకాయన, పై ఊరివాడు, కిటికీలోకి వంగి అడిగాడు: "లోపల చలిగా ఉంటుందా అమ్మా?"

"ఉండదండీ. ఐస్ తీసేశారు" అన్నాను.