దాచలేదు, మీరే వినలేదు

బావగారికి,

క్షేమసమాచారాలు అడగను. మా మనవరాలు మీ కోడలైన దగ్గర్నుంచీ ఆ ఇంటి క్షేమం ఏపాటిదో తెలుస్తూనే ఉంది.

"గొడ్రాలిని అంటగట్టారు" అని మీ ప్రెస్సులో పనివాళ్ల ముందు అన్నారట. పెళ్లికి ముందు ఆ ప్రెస్సులోనే మీ ఎదుట కూర్చుని అంతా చెప్పాను. తొమ్మిదో ఏట పిల్లకు పొట్టలో క్యాన్సర్ వచ్చిందనీ, రేడియేషన్ గడ్డతోపాటు అండాశయాలనూ కాల్చేసిందనీ, హార్మోన్ మాత్రలు మింగితే గానీ పెద్దమనిషి కాలేదనీ చెబుతుంటే మీరు సిగ్గుతో మెలికలు తిరిగారు. "ఆడవాళ్ల సంగతులు మనకెందుకు బావగారూ? పిల్ల బతికి బట్టకట్టింది, అది చాలదూ?" అన్నారు. పిల్లలు పుట్టరని నేను తేల్చి చెప్పేసరికి, లేచి వెళ్లి మిషను తిప్పుకున్నారు.

సిగ్గుపడి చెవులు మూసుకున్నవాడు మోసపోయానని ఏడవకూడదు. జన్మంతా పుస్తకాలు చదివినవాణ్ణి, తిట్లకు కొదవలేదు. కానీ మంచి తిట్లు మీమీద దండగ.

ఆ రోజు పక్కనే నిలబడి అంతా విన్నవాడు మీ అబ్బాయి. విన్నాకే ఆమెను కావాలనుకున్నాడు. నిన్న బట్టలు సర్దుకుని, భార్యతో సహా మా ఇంటికి వచ్చేశాడు.

కొడుకు కోసం మీరు పరిగెత్తుకొస్తారని తెలుసు. రండి. తలుపు తీసేది మాత్రం నా మనవరాలే.

ఆమె తాత