మనవాళ్ళ కారు

గురువారం, ఏలూరు

మా బజారు వీధిలోకి కార్లు రాకుండా నేను పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు ఉంటుందో పోతుందో రేపు కౌన్సిల్లో తేలుతుంది. సరిగ్గా ఈ సాయంత్రమే కైకలూరు నుంచి మా బావగారి కారు ఆ వీధిలోకి వచ్చింది. బారికేడు జరిపింది బట్టల కొట్టు రంగారావుగారు, వీధి తెరవాలని ఇన్నాళ్ళూ నాతో వాదిస్తున్న మనిషి.

"ఎందుకు వదిలారండీ?" అన్నాను.

"మనవాళ్ళ కారేనండీ. మీ బావగారే కదా, ఆపితే ఏం బాగుంటుందండీ?" అన్నారు ఎంతో మర్యాదగా.

ఈ ఊళ్ళో ఎవరికో ఒకరికి మనవాళ్ళది కాని కారంటూ ఒక్కటైనా ఉందా? మనవాళ్ళందరినీ వదిలాక ఇక ఆపేది ఎవరిని? పిల్లల చెయ్యి వదిలేసి నిశ్చింతగా నడిచే తల్లులను ఈ ఊళ్ళో నేను చూసింది ఆ ఒక్క వీధిలోనే.

"వెనక్కి తియ్యండి బావగారూ," అన్నాను, అందరి ముందూ.

"ఏవయ్యా, బావకన్నా రోడ్డు ఎక్కువైందా నీకు?" అని, ఇంటికి రాకుండానే కైకలూరు వెళ్ళిపోయారు.

రేపు కౌన్సిల్లో ఎవరో ఒకరు లేచి "మనవాళ్ళకైనా వదలాలి కదండీ" అంటారు. మా బావగారినే వెనక్కి పంపానండీ అంటే నోళ్ళు మూతపడతాయి. గెలుస్తాను కూడా. అక్క మాత్రం ఫోను ఎత్తడం లేదు...