ఆదర్శ గృహంలో గ్రైండర్

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 3.

ప్రొద్దుటూరు వాస్తవ్యులు గురురాజారావు గారికి, గృహ విద్యుత్ పొదుపు విభాగం అభినందనలతో రాయునది.

మీ ఇంటి కరెంటు వాడకం ఏడాదిలో సగానికి పైగా తగ్గింది. అదే ఇల్లు, అదే మిద్దె, అదే ఎండ. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇల్లు మరొకటి మాకు కనబడలేదు. అందుచేత మీ ఇంటిని ఈ ఏటి 'ఆదర్శ గృహం'గా ఎంపిక చేశాము. వాడకం తగ్గించడానికి మీరు తీసుకున్న చర్యలను రాసి పంపితే కరపత్రంలో అచ్చువేసి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పంచుతాము. మీరు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాయవలసి వచ్చింది.

భవదీయుడు,
ఆదినారాయణ,
సహాయ ఇంజనీరు.

తా.క.: ఇది ఆఫీసు మాట కాదు సార్. మా ఇంట్లో పొద్దున గ్రైండర్ మొదలైతే ఆగదు. మా ఆమెకు ఎంత చెప్పినా ఇనదు. మీ ఇంట్లో ఎట్ల ఆపించినారో ఆ కిటుకు నాకు విడిగా రాయండి.


ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 9.

ఆదినారాయణ గారికి, నమస్కారం.

నేను ఏ చర్యా తీసుకోలేదు. ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే. వంట తక్కువ. కూలరు, టీవీ, ఫ్రిజ్ ఆపేశాను. ఇది ఇతరులు అనుసరించదగింది కాదు. నా పేరు తీసేయగలరు.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: గ్రైండర్‌ను నేను ఆపించలేదు. మీ ఇంట్లోదాన్ని తిరగనివ్వండి.


జమ్మలమడుగు,
ఫిబ్రవరి 16.

ఆదర్శ గృహస్థులు గురురాజారావు గారికి, వినయపూర్వకంగా.

కూలరు, టీవీ, ఫ్రిజ్ మూడూ ఒకేసారి ఆపడం మా శిక్షణ పుస్తకాల్లో కూడా లేదు. మా పై అధికారి మీ ఉత్తరాన్ని నిలబడి చదివారు. పేరు తీసేయమన్న మీ నిరాడంబరతను కూడా మెచ్చుకున్నారు. కరపత్రం అచ్చుకు వెళ్ళింది. మార్చి చివరి ఆదివారం పులివెందుల నుంచి నిర్మలమ్మ గారి మహిళా సంఘం మీ ఇల్లు చూడడానికి వస్తుంది. ఆ రోజు మీ శ్రీమతి గారు కూడా ఇంట్లో ఉంటే మంచిది. వచ్చేవాళ్ళు ఆమెనే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు.

భవదీయుడు,
ఆదినారాయణ.

తా.క.: మీరొక్కరే అంటే నాకు అర్థమయింది సార్. ప్రొద్దుటూరు ఎండలో కూలర్ ఆపితే ఏ ఆడమనిషి ఉంటాది? పోయినేడు మా ఆమె కూడా అలిగి వేంపల్లెకు, వాళ్ళమ్మ ఇంటికి పోయింది. మా మామ ముందర తల వంచుకొని నిలబడినా. రెండు చీరలకు ఒప్పుకుంటేనే వచ్చింది. మీరు కూడా పోయి పిల్చుకోండి. అందులో చిన్నతనం ఏం లేదు.


ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 20.

ఆదినారాయణ గారికి, నమస్కారం.

నా భార్య లలిత కిందటి ఏడాది జనవరిలో చనిపోయింది. ఆమెకు అలిగే అలవాటు లేదు.

మీ కరపత్రంలో ఈ ఇంటి గురించి గొప్పగా రాస్తే, ఆమె లేకపోవడాన్ని గొప్పగా రాసినట్టవుతుంది. అది నాకు సమ్మతం కాదు. సంఘం వారిని రావద్దని చెప్పండి. చూపించడానికి ఇక్కడ ఏమీ లేదు.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: మీ మాటలు నేను తప్పుగా తీసుకోలేదు. మూడో చీర అడగకుండా ఎలా తిరిగొచ్చావని లలిత మీ శ్రీమతిని నిలదీసి ఉండేది.


జమ్మలమడుగు,
ఫిబ్రవరి 25.

గురురాజారావు సార్‌కు, ఆదినారాయణ తల దించుకొని రాస్తున్నది.

ఆఫీసు కాగితం మీద రాయడానికి మొహం చెల్లక తెల్ల కాగితం మీద రాస్తున్నాను. రీడింగులు చూశాను గానీ, ఇంట్లో ఏం జరిగిందని అడగలేదు. వాడకం తగ్గడం వేరు, పొదుపు వేరు. అదే వంట, అదే చల్లదనం తక్కువ కరెంటుతో జరిగితే పొదుపు. అది తెలిసీ పొరబడ్డాను.

కరపత్రాలు పంచేశారు. కొత్త రీడింగులు వచ్చేదాకా పేరు తీయడం నా చేతుల్లో లేదు. కానీ ఆ పేరును నిజం చేయవచ్చు. మిద్దె మీద ఎండను తిప్పికొట్టే తెల్లరంగు, పడమటి కిటికీలకు బయట తడికలు, తక్కువ కరెంటు తినే కొత్త ఫ్యాన్లు. నమూనా ఇంటికి మా విభాగమే చేయిస్తుంది. ఒప్పుకుంటే ఒక్క ముక్క రాయండి.

మీ క్షమ కోరే
ఆదినారాయణ.

తా.క.: నిర్మలమ్మకు రావద్దని చెప్పినా సార్. "ఆయప్ప ఒక్కడే ఉండాడంటే ఇంగా ముందే పోవల్ల" అనింది. ఆమెను ఆపే స్విచ్ మా ఆఫీసులో లేదు.


ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 28.

ఆదినారాయణ గారికి,

వేయించండి.

గురురాజారావు.

తా.క.: ఉపన్యాసం ఇవ్వను.


ప్రొద్దుటూరు,
మార్చి 31.

ఆదినారాయణ గారికి, నమస్కారం.

మీకు నివేదిక కావాలి కనుక రాస్తున్నాను.

రంగు వేశారు. మధ్యాహ్నం మిద్దె మీద కాళ్ళు కాలడం లేదు. కింద నడిమి గది వేడి బాగా తగ్గింది. ఆ గదిలో కూర్చోలేకపోతున్నానని లలిత ప్రతి వేసవిలోనూ అనేది.

నిన్న నిర్మలమ్మ గారు, మరికొందరు బస్టాండు నుంచి మా వీధి జమాల్ ఆటోలో వచ్చారు. రాగానే ఫ్రిజ్ తెరిచారు. అందులో నా పుస్తకాలున్నాయి. ఆమె కాసేపు చూసి, "చెడిపోతాయనా సారూ?" అన్నారు. చెదలు పట్టవన్నాను.

తర్వాత గ్రైండర్ మీది గుడ్డ లాగారు. అది లలిత కప్పిన గుడ్డ. నేను నోరు తెరిచేలోగా, నానబెట్టి తెచ్చిన మినప్పప్పు సంచిలోంచి బయటికి వచ్చింది. "తిరుగుతాదో లేదో చూడల్ల గదా" అన్నారు.

తిరిగింది.

ఆ చప్పుడుకు పక్కింటి దిల్షాద్‌బీ గరిటె చేతిలో పట్టుకొనే పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో ఆగిపోయి, "ఏంది సారూ, లలితమ్మ గ్రైండర్ తిరుగుతాంది" అంది. నిర్మలమ్మ గారు, "గరిటె యాడికీ పోకుండా నీ చేతిలోనే ఉంది గదమ్మా, రా" అన్నారు. వడలు వేశారు. నేనూ తిన్నాను.

మీ పథకం గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: దిల్షాద్‌బీ వాళ్ళది రేకుల ఇల్లు. "మీ నడిమి గది ఫ్రిజ్ మాదిరుంది సారూ, పుస్తకాల బదులు మమ్మల్ని పెట్టుకోండి" అంటోంది. దీనికి మీ నిబంధనల్లో జవాబు ఉందా?


జమ్మలమడుగు,
జూన్ 12.

గురురాజారావు గారికి, విచారంతో తెలియజేయునది.

ఏప్రిల్, మే రీడింగుల ప్రకారం మీ ఇంటి వాడకం తిరిగి రెండేళ్ళ కిందటి స్థాయికి చేరింది. నిబంధనల మేరకు 'ఆదర్శ గృహం' గుర్తింపు రద్దయింది. మీ గోడకు బిగించిన బోర్డును వెనక్కి పంపగలరు.

భవదీయుడు,
ఆదినారాయణ,
సహాయ ఇంజనీరు.

తా.క.: సార్, ఈడ కూర్చొని లెక్క ఏసినా. అప్పుడు ఆ కరెంటు మీ ఇద్దరికి. ఇప్పుడు మద్దేనమైతే వీధి వీధంతా మీ నడిమి గదిలోనే ఉంటాదని ఆటో జమాల్ చెప్పినాడు. అంతమందికీ అదే కరెంటు సరిపోతాందంటే, మీది నిజమైన ఆదర్శ గృహం అయింది ఇప్పుడే. ఏం చేద్దాం? మా ఫారంలో ఇండ్లకు గడి ఉంది, మనుషులకు లేదు.


ప్రొద్దుటూరు,
జూన్ 16.

ఆదినారాయణ గారికి, నమస్కారం.

రద్దు ఉత్తరం అందింది. సంతోషం. మొదటి ఉత్తరంలోనే నేను అడిగింది ఇదే.

బోర్డు పంపడం కుదరదు. దిల్షాద్‌బీ దాన్ని గోడ నుంచి ఊడదీసి పిండి గిన్నెకు మూత పెట్టింది. అంత సరిగ్గా పట్టే మూత ఊళ్ళో దొరకదట. పుస్తకాలు బీరువాలోకి మారాయి. ఫ్రిజ్‌లో నాకు చోటు లేదు.

ఇకమీదట ఫోన్ చేయవచ్చు. ఎత్తుతాను. గ్రైండర్ తిరిగేటప్పుడు మాత్రం వినబడదు.

ఇట్లు,
గురురాజారావు.

తా.క.: ఒక ఆదివారం మీ శ్రీమతిని వెంటబెట్టుకొని రండి. ఆమెకు రావలసిన మూడో చీర ఇక్కడుంది. లలిత కొన్నది, మడత విప్పనిది.