ఇనప్పెట్టె, ఏడుగురు హీరోలు

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరమేమిటనుకోకు. ఫోన్ చేస్తే అమ్మ ఉంగరం దగ్గర మొదలై అక్కడే తగువైపోతోంది. ఉంగరం అమ్మ నీకే ఇచ్చింది, కాదనను. కానీ నీ దగ్గర గొడుగు కూడా వారం నిలవదు. నా వాచీల కొట్లో, ఇనప్పెట్టెలో ఉంటేనే భద్రం.

అసలు సంగతి ఇది. మీ హాల్లో ఆడుతున్న ఆ ఏడుగురు హీరోల దొంగతనం సినిమా చూసొచ్చిన దగ్గర్నుంచీ మా కొట్లో వాళ్ళకి పిచ్చెక్కింది. గుమాస్తా నీడలో కూడా నల్లద్దాలు తీయడు. వాచీలు బాగుచేసే మేస్త్రీ కోటేసుకొచ్చాడు. నేను రాగానే గుసగుసలు ఆగిపోతున్నాయి. నన్ను దోచేస్తారంటావా?

ఇట్లు, అన్నయ్య

తా.క.: టికెట్లమ్మేదానివి, వాళ్ళకెందుకమ్మావే?

*

అనుమానాల అన్నయ్యకు చెల్లి నమస్కారాలు.

ఆ సినిమాకి దొంగతనం కోసం ఎవరొస్తున్నారు? ఏడుగురూ కోట్లేసుకుని వరసగా మెట్లు దిగుతుంటే హాలంతా ఈలలే! హీరో ఒక్కడే అయితే చూసి ఊరుకుంటాం. ఏడుగురుంటే, ఎనిమిదో చోటు మనకోసమే ఖాళీగా ఉందనిపిస్తుంది. పాపం, రోజంతా గడియారాల మధ్య కూర్చునేవాళ్ళు. కాసేపు అనుకోనీ.

నీ చెల్లి

తా.క.: తాళాలగుత్తి జాగ్రత్తగానే పెడుతున్నావుగా?

*

చెల్లాయ్,

నీకొక్కదానికే చెబుతున్నాను. గుత్తి నా కోటు లోపలి జేబులో ఉంటుంది. కోటు ఒంటిమీదే ఉంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టి చూపిస్తాను! నిన్న కౌంటరు అమ్మాయి "మీరు ఎంతసేపు కునుకు తీస్తారు సార్?" అని అడిగింది. మేస్త్రీ కొట్టు పటం గీశాడు. ఇదేమిటయ్యా అంటే, ఇల్లు కట్టుకుంటున్నానన్నాడు. ఇంట్లో అద్దాల కౌంటరెందుకే? నాకు ముద్ద దిగడం లేదు. రేపే పోలీసులకు చెబుతాను.

అన్నయ్య

తా.క.: పటంలో నన్ను గుండ్రంగా గీశాడు. అది ఇంకా బాధగా ఉంది.

*

అన్నయ్యా, ఆగాగు!

పోలీసులెందుకు? ముందు నువ్వే ఆ సినిమా చూడు. దొంగల ఎత్తులన్నీ నీకే తెలిసిపోతాయి. ఆదివారం మీ కొట్టుకు సెలవేగా, రా. మంచి సీటు పట్టి ఉంచుతాను.

నీ మేలు కోరే చెల్లి

తా.క.: హాల్లో ఉక్క. కోటు విప్పి సీటుకి తగిలించుకో.

*

చెల్లాయ్! ఏం సినిమా, ఏం సినిమా!

ఎత్తులు రాసుకుందామని కాగితం పట్టుకెళ్ళాను. ఒక్క ముక్క రాస్తే ఒట్టు. ఆ తెల్లజుట్టు హీరో ఇనప్పెట్టె ముందు నిలబడి చొక్కా చేతులు సర్దుకుంటుంటే నేనూ లేచి నిలబడ్డాను, వెనకవాళ్ళు తిట్టారు. దొంగలు దొరికిపోకూడదని దణ్ణం పెట్టుకున్నానే! నేను! ఇనప్పెట్టె ఉన్నవాణ్ణి!

పొద్దున చూస్తే వాచీలన్నీ ఉన్నాయి. మా వాళ్ళని ఉత్తపుణ్యానికి అనుమానించాను. మా కొట్టుకి మూడే మెట్లు, అయినా మెల్లగా దిగుతున్నాను.

అన్నయ్య

తా.క.: ఆట అయ్యేసరికి నా కోటు ఎవరో చక్కగా మడతపెట్టారు. మీ హాలు మర్యాదే వేరు.

*

మర్యాద మెచ్చిన అన్నయ్యకు,

కోటు మడతపెట్టింది నేనే. నీ వెనకసీట్లో ఉన్నాను, తిట్టిందీ నేనే. గుత్తి తీసి బయట గుమాస్తాకిచ్చాను. మేస్త్రీ పెట్టె తెరిచాడు. అమ్మాయి వీధి చివర కాపలా కాసింది. తెరమీద ఏడుగురూ మెట్లు దిగేలోపు గుత్తి మళ్ళీ నీ జేబులో పడింది. నీ దణ్ణం ఫలించింది, దొంగలు దొరకలేదు.

వాచీల జోలికి ఎవరూ పోలేదు. పెట్టెలో వెనకున్న చిన్న డబ్బీ తెరిచి చూసుకో. అమ్మ ఉంగరం నా వేలికి సరిగ్గా సరిపోయింది అన్నయ్యా. ఏడుపొచ్చేసింది.

నా దగ్గరుంటే పోతుందన్నావు. చూశావా, నీ దగ్గరే పోయింది.

ఇట్లు, ఇంటిదొంగ

తా.క.: వాళ్ళనేమీ అనకు. ఆదివారం అందరం మళ్ళీ సినిమాకి వెళుతున్నాం. జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. గుండ్రంగా ఉన్నా ఫర్వాలేదు, మెట్లు మెల్లగా దిగడం వస్తే చాలు.