మేడ మెట్ల తాళం

19 జనవరి 2025, ఆదివారం

దేవునికి స్తోత్రం! వెయ్యి స్తోత్రాలు! మా అమ్మాయి పింకీ ఈరోజు పుస్తకం తెరిచింది. పురుగుమందుల షాపు వాళ్ళిచ్చిన ఈ డైరీ ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్నది ఈ మాట రాయడానికేనేమో.

గుంటూరు హాస్టల్లో ఫిజిక్సు టెస్టు పోయిన రోజు బిల్డింగు పైకెక్కి పిట్టగోడ మీద నిలబడిందని, వార్డెన్ చెయ్యి పట్టి కిందికి లాగిందని అక్టోబరులో ఫోనొచ్చింది. వెళ్ళి తెచ్చుకున్నాం. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే. మా ఆవిడ దయామణి ఆరోజే మేడ మెట్ల గేటుకు తాళం వేసి, చెవి మెడలో గొలుసుకు కట్టుకుంది. ఇక్కడ మాచవరంలో అందరికీ పిల్లకు జాండీస్ అని చెప్పాం.

22 జనవరి

చదివింది ఎవరికైనా చెబితే పింకీకి బాగా ఎక్కుతుందట. నేను చదివింది ఏడో తరగతి. అయినా బుద్ధిగా కూర్చున్నాను.

ఒకదాని వెనక ఒకటి రెండు బల్బులు, ఒకటే రకం. ఏది ఎక్కువ వెలుగుతుంది? మొదటిదే అన్నాను. అది తాగినాక చివరిదానికి మిగిలేదేముంది? మా పొలం కాలువ చిట్టచివర. పైవాళ్ళు మోటార్లు పెట్టి తోడుకున్నాక మాకొచ్చేది తడిమన్ను. ఈ ఏడు మిరప ఎండుతోంది. పింకీకి చెప్పలేదు.

పింకీ నవ్వింది. నవ్వింది! ఏంది నాన్నా, కరెంటేమన్నా సాగర్ నీళ్ళనుకున్నావా, బల్బు తాగదు, ఎంత లోపలికి పోయిద్దో అంతే బయటికొచ్చిద్ది అంది. టార్చిలైటు బల్బులు రెండు తీసి, వైరు చుట్టి చూపించింది. రెండూ ఒకటే వెలుగు!

చివరివాడికీ అంతే అందే కాలువ ఈ లోకంలో ఒకటి ఉందన్నమాట. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బల్బులు చూసి ఏడ్చే మనిషిని నిన్నొక్కడినే చూశానయ్యా అంది దయామణి గడపలో నిలబడి. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

27 జనవరి

మళ్ళీ నవ్వుతుందేమోనని అదే తప్పు చెప్పాను. నవ్వలేదు. కావాలనే అంటున్నావు కదా నాన్నా అని పుస్తకం మూసింది.

1 ఫిబ్రవరి

ఫీల్డ్ అనే పాఠం. ఒక చార్జి ఉంటే దాని చుట్టూ ఉన్న చోటంతా మారిపోతుందట. ముట్టుకోకుండానే లాగిద్ది అంది. చెబుతూ చెబుతూ మెట్ల గేటువైపు చూసింది. నేను లేచి దయామణిని కాఫీ అడిగాను.

5 ఫిబ్రవరి

ఆర్బిట్. చంద్రుడు ఎందుకు పడడని అడిగాను. పడతానే ఉన్నాడు నాన్నా, పక్కకు పోయే వేగం ఉంది కాబట్టి నేల తగలట్లేదు, అంతే అంది. వేగం పోతే? పడిపోయిద్ది. ఎంత మామూలుగా అందో.

పైకి పోదాం రా, చూపిస్తా అంది. చూస్తే వాకిట్లోంచి చూడండి అని దయామణి వంటింట్లోంచే అరిచింది. వాకిట్లో వేపచెట్టు అడ్డం. పింకీ పోయి మంచమెక్కింది. గోడవైపు తిరిగింది.

7 ఫిబ్రవరి

అన్నం ముట్టలేదు. నిన్నా అంతే.

8 ఫిబ్రవరి, సాయంత్రం 7 దాటింది

తాళంచెవి అడిగాను. జరగరానిది జరిగితే నాకు ఇంకో బిడ్డను తెచ్చిస్తావా అంది దయామణి. ఎక్కడినుంచి తెస్తాను? లేక లేక పుట్టింది ఈ ఒక్కతే. ఆ తాళం చూసినప్పుడల్లా దానికి హాస్టలు మేడే గుర్తొస్తది కదే అన్నాను.  దయామణి గొలుసు తీసి నా చేతిలో పెట్టి, మోకాళ్ళూని ప్రార్థనలో కూర్చుంది.

ఎక్కాం. పింకీకీ పిట్టగోడకీ మధ్య నేను కూర్చున్నాను. నాన్నా, భయమేస్తందా అంది. లేదన్నాను. నాకేస్తంది అంది. నా చొక్కా అంచు పట్టుకుంది. ఆ చెయ్యి అలాగే ఉంచి, చంద్రుణ్ణి చూపిస్తూ ఏదో ఫార్ములా చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. చానా బాగుందమ్మా అన్నాను. ఎంత బాగుందో! తెల్లగా, పడుతూ, నేల తగలకుండా. స్తోత్రం.

9 ఫిబ్రవరి, ఆదివారం

చర్చికి పోలేదు. పింకీ గోడవైపే తిరిగి పడుకుంది.

దయామణి తాళంచెవి అడిగింది. ఇవ్వలేదు. గేటు తెరిచే ఉంది. మెట్ల మొదట్లో నా మంచం వేసుకున్నాను.